బ్లార్నీ కోటలో రాతిని ముద్దాడడం: మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో వెళ్లవచ్చా?

ప్రశ్న – దారిబత్తెం:
వచ్చే వేసవిలో మా అమ్మగారితో కలిసి ఐర్లాండ్‌లోని కార్క్ నగరానికి వెళ్తున్నాను. అక్కడికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్లార్నీ కోటలో ఒక రాతిని ముద్దుపెట్టుకున్నవారికి వాక్చాతుర్యం అబ్బుతుందన్న నమ్మకం గురించి విన్నప్పటి నుంచి, ఆ ముచ్చట తీర్చుకోకుండా తిరిగి రానని అమ్మగారు పట్టుబడుతున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి. వెల్లకిలా పడుకొని తల వెనక్కి వాల్చాలంటే నాకే బెదురుగా ఉంది; పైగా అందరి పెదవులూ తగిలిన రాయన్న సంకోచం ఒకటి. చూసివచ్చినవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం – మబ్బుతునక:
మీరు ముద్దు గురించి భయపడుతున్నారు కానీ, అసలు పరీక్ష మెట్లండీ. రాయి ఉన్నది కోట నెత్తిన, సుమారు 85 అడుగుల ఎత్తున. అక్కడికి చేరాలంటే 120కి పైగా రాతిమెట్లు ఎక్కాలి, లిఫ్టు లేదు. మెట్ల దారి మెలికలు తిరుగుతూ, ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకుగా ఉంటుంది. మెట్లు అరిగి నున్నబడ్డాయి కనుక వాన పడిన రోజున జారుతాయి కూడా. ఎక్కడానికి ఒక దారి, దిగడానికి మరొకటి కాబట్టి సగం ఎక్కాక మనసు మార్చుకొని వెనుదిరగడం కష్టం. అమ్మగారు ఇంట్లో నాలుగైదు అంతస్తులు ఆగి ఆగి ఎక్కగలరో లేదో ముందే చూసుకోండి.

పైకి చేరిన తరువాత పని క్షణాల్లో అయిపోతుంది. పిట్టగోడకూ నడిచే దారికీ మధ్య ఖాళీ ఉంటుంది, రాయి ఆ ఖాళీకి అవతలి గోడలో, కాళ్ల మట్టానికి కిందుగా ఉంటుంది. చాప మీద వెల్లకిలా పడుకొని, రెండు ఇనుప కడ్డీలను పట్టుకొని, తలకిందులుగా వెనక్కి వాలితే మొహం సరిగ్గా రాతికి ఎదురుగా వస్తుంది. పక్కనే కూర్చున్న సిబ్బంది నడుము పట్టుకుంటారు, కిందపడకుండా అడ్డుగా ఇనుప ఊచలు కూడా ఉన్నాయి. పూర్వం కాళ్లు పట్టుకొని గోడ బయటికి వేలాడదీసేవారట. దానితో పోలిస్తే ఇది ఏపాటి! జేబుల్లోని ఫోను, కళ్లజోడు మాత్రం ముందే తీసేయండి. మెడ, వెన్ను నొప్పులున్నవారు, తల తిరిగేవారు ఈ సాహసం చేయకపోవడమే మంచిది.

శుభ్రత విషయానికి వస్తే, 2020లో కోవిడ్ కారణంగా ముద్దాడడాన్నే నిలిపివేశారు. తరువాత మళ్లీ అనుమతించి, రాతిని క్రిమిసంహారక ద్రవంతో తుడవడం మొదలుపెట్టారు. అప్పటికీ మనసొప్పకపోతే పెదవులు ఆనించినట్టు నటించినా ఎవరూ అడగరు.

సమాధానం – పాతరాయి:
క్యూలో నిలబడ్డంతసేపూ అమ్మగారికి చెప్పడానికి కథలకు కొదవలేదు. కోటను 1446లో కట్టించిన మెకార్తీ వంశపు దొర ఒక వ్యాజ్యంలో చిక్కుకొని క్లియోనా దేవతను వేడుకోగా, న్యాయస్థానానికి వెళ్లే దారిలో మొదట కనిపించిన రాతిని ముద్దాడమని ఆమె చెప్పిందనీ, ఆయన గెలిచి ఆ రాతిని కోటలో పెట్టించాడనీ ఒక కథ. 1314లో ఇంగ్లండ్‌తో జరిగిన బానక్‌బర్న్ యుద్ధంలో మెకార్తీలు సాయం చేసినందుకు స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ తమ పట్టాభిషేక శిలలో సగం వారికి పంపించాడని మరొక కథ. ఇంగ్లండ్‌లోని ప్రాచీన శిలావలయం స్టోన్‌హెంజ్ నుంచి వచ్చిందన్నవారూ ఉన్నారు. అయితే 2014లో గ్లాస్గో విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రవేత్తలు, ఆ రాతి నుంచి 19వ శతాబ్దంలో తీసిన పలుచని ముక్కను సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఇది ఆ ప్రాంతంలోనే దొరికే సున్నపురాయి అనీ, వయసు సుమారు 33 కోట్ల సంవత్సరాలనీ తేల్చారు. నా దృష్టిలో రాజుగారి కానుక కంటే ఇదే గొప్ప సంగతి.

సమాధానం – తోటమాలి:
అమ్మగారు ఎక్కలేకపోతే నిరాశపడనక్కరలేదు, కోట చుట్టూ ఉన్న తోటలకే ఒక పూట చాలదు. కోట పక్కనే విషపు మొక్కల తోట ఉంది, అందులో ఆముదం మొక్కను కూడా విషపు జాబితాలో చూసి మనవాళ్లు నవ్వుకోకుండా ఉండరు. రాళ్ల తోటలో కోరికల మెట్లు అనే చోట కళ్లు మూసుకొని, మనసులో ఒకే కోరిక తలుచుకుంటూ, వెనక్కి నడిచి దిగి ఎక్కాలట. మోకాళ్ల దృష్ట్యా ఆవిడను అది కూడా చేయనివ్వకండి. కార్క్ నుంచి 215 నంబరు బస్సు నేరుగా బ్లార్నీ ఊరికి వెళ్తుంది. వేసవిలో పొద్దెక్కితే పర్యాటకుల బస్సులు వచ్చి మెట్లపైనే గంటల తరబడి నిలబడాల్సి వస్తుంది కనుక, కోట తెరిచే వేళకే గేటు దగ్గర ఉండి, తోటలను తరువాతికి వదిలి, ముందు మెట్ల వైపే వెళ్లండి.