ఏడిస్తే విశ్వాసం తక్కువైనట్టా?

ఎదురుచూపు: మావారు ప్రభువు పిలుపందుకుని కొన్ని నెలలైంది. పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఏడవకండి సిస్టర్, ఆయన మహిమలో ఉన్నారు." నేనూ అదే నమ్ముతున్నాను. కానీ ఆయన బీపీ మాత్ర కోసం ఫోన్లో పెట్టుకున్న అలారం రోజూ రాత్రి మోగుతుంది. తీసేయడానికి చెయ్యి రాదు, మోగితే ఏడుపు ఆగదు. విశ్వాసం గట్టిగా ఉంటే ఇలా ఉండదని ఒకరు మొహం మీదే అన్నారు. నిజమేనా?

వాక్యధ్యానం: సిస్టర్, మీకొచ్చిన కష్టం చిన్నది కాదు. అయినా మనకీ లోకానికీ ఉన్న తేడా నిరీక్షణే కదా, అంటే మళ్లీ లేస్తామన్న ఆశ. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని అపొస్తలుడు పౌలు రాశాడు (1 థెస్సలొనీకయులకు 4:13). పదిమంది బిడ్డల్నీ పోగొట్టుకున్న రోజునే యోబు దేవుణ్ణి స్తుతించాడు. దుఃఖంలోనే కూరుకుపోతే ఇక మన సాక్ష్యం ఏముంటుంది?

ఆదివారం టీచర్: బ్రదర్, యోబును ఆయన గ్రంథం మొదటి అధ్యాయంలోనే వదిలేశారేం? మూడో అధ్యాయానికి వచ్చేసరికి తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. తర్వాత దేవుణ్ణే నిలదీశాడు. చివరికి దేవుడి కోపం ఎవరి మీదికి పోయింది? ఓదార్చడానికొచ్చి సిద్ధాంతాలు వల్లించిన స్నేహితుల మీదికి (42:7). వాళ్లు చేసిన మంచిపని ఒక్కటే, వచ్చిన కొత్తలో ఏడు రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చున్నారు.

చనిపోయిన లాజరు సంగతీ చూడండి. కాసేపట్లో తానే లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా లాజరు తోబుట్టువు మరియ ఏడుస్తుంటే తానూ ఏడ్చాడు.

వాక్యధ్యానం: దానికి ముందు ఆమె తోబుట్టువు మార్తతో ఏమన్నాడో కూడా చెప్పండి మరి. "నీ సహోదరుడు మరల లేచును." వాక్యం చెప్పే ఓదార్చాడు.

ఆదివారం టీచర్: ఔను, అది బాగా పట్టుకున్నారు. కానీ అక్కాచెల్లెళ్లిద్దరూ ఆయనతో అన్నది ఒకే మాట: నువ్విక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదు. అందులో నిష్ఠూరం కూడా ఉంది. మార్తతో మాట్లాడాడు, మరియతో పాటు ఏడ్చాడు. ఎవరికి ఏది కావాలో చూసి ఇచ్చాడు. మనమేమో ఇంటికొచ్చిన ప్రతివాళ్లమూ మార్తకిచ్చిన జవాబే అందరికీ అప్పజెప్తాం. నిజం చెప్పాలంటే, ఆ మాట చాలాసార్లు మన ఇబ్బంది తప్పించుకోడానికే.

సందేహి: నాకు నమ్మకం లేదు, నొప్పించాలనీ లేదు. మళ్లీ కలుస్తామనుకోవడం హాయిగానే ఉంటుంది. హాయిగా ఉన్నంత మాత్రాన నిజమైపోతుందా? మనసు తట్టుకోలేక అల్లుకున్న ఊరట అది.

ఆదివారం టీచర్: ఊరట కలగడం రుజువు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఊరట కోసమే అల్లుకున్నదైతే బైబిల్లో 88వ కీర్తనను ఎవరు ఉంచుతారు? మిగతా విలాప కీర్తనలు చాలావరకు ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. ఏ సమాధానమూ రాని ఆ ప్రార్థనను కూడా ప్రార్థనగానే దాచుకున్నారు. నేను ఆనుకునేది దానికే.

ఎదురుచూపు: ఆ కీర్తన ఇప్పుడే చదివాను. మా సంఘంలో ఎవరూ ఎప్పుడూ దాని మీద ప్రసంగం చెప్పగా వినలేదు.

వాక్యధ్యానం: సిస్టర్, అసలు ఏడవొద్దని నేననలేదు. ఎంతకాలం అన్నదే నా బెంగ. ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోమని పౌలే అన్నాడు. మనం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

ఆదివారం టీచర్: చెప్పండి బ్రదర్, ఆవిడ అడిగినప్పుడు. అంతవరకు ఫోన్ చేసి "తిన్నారా" అని అడగండి చాలు.