లక్కపిడతల్లోంచి అమ్మమ్మ బావి గిలక చప్పుడు రావాలి, ఎలా?

ప్రశ్న (గిలకబావి):
అమ్మమ్మ కొనిచ్చిన ఏటికొప్పాక లక్కపిడతల్లో ఆరు మిగిలాయి. ఎరుపూ పసుపూ ఇంకా మెరుస్తూనే ఉన్నాయి, ఒకదాని అంచున మాత్రం చిన్నప్పుడు నేను కొరికిన గాటు ఉంది. వీటితో ఒక ఆర్ట్ పీస్ చేస్తున్నాను, మూత తీస్తే తెల్లవారుజామున ఆవిడ నీళ్లు తోడుతుంటే వచ్చే గిలక చప్పుడు వినపడాలి. ఆ బావి పూడ్చేశారు, రికార్డింగ్ ఏదీ లేదు. నెట్‌లో దొరికిన శబ్దం పెట్టి చూస్తే ఎవరిదో బావి అనిపించింది. 555 టైమర్ అనే చిప్‌తో సొంతంగా చేస్తే సైరన్‌లా కుయ్‌మంటోంది. పైగా స్పీకర్ కోసం పిడతకి రంధ్రం వేయడానికి చేతులు రావట్లేదు.

జవాబు (సోల్డర్‌పిచ్చి):
కిర్రుమనడం అంటే ఇరుసు పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుని జారడమేనండీ, అంటే వెంటవెంటనే వచ్చే టిక్ టిక్‌లే. మీకు కావాల్సింది స్వరం కాదు, టిక్కులు. సీడీ40106 ఐసీ తీసుకోండి, ఒక్కదాంట్లోనే ఆరు ఇన్వర్టర్లు (ఇంట్లో కరెంటు ఇన్వర్టర్ కాదు, వచ్చిన సిగ్నల్‌ని తిరగేసి ఇచ్చే చిన్న సర్క్యూట్లు) ఉంటాయి, ఆరు పిడతలకీ సరిపోతుంది. ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య పిడత లోపల ఉండేలా ఎల్‌డీఆర్ (వెలుతురు పడితే నిరోధం తగ్గే రెసిస్టర్), ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, అంతే. మూత ఉంటే లోపల చీకటి కాబట్టి సెకనుకో టిక్ వస్తుందేమో, మూత కొంచెం కొంచెం ఎత్తుతుంటే టిక్కులు దగ్గరపడి కిర్రుమంటాయి. వాడని ఇన్‌పుట్లు గ్రౌండ్‌కి కలపడం మర్చిపోకండి.

జవాబు (వరాహగట్టు):
మాది ఏటికొప్పాక దగ్గరే, యలమంచిలి పక్కన. లేతు మీద తిరిగే అంకుడు కర్రకి లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. వేడికి ఎక్కిన రంగు వేడికే పోతుంది, అందుకని సోల్డరింగ్ ఐరన్, గ్లూ గన్ దాని దగ్గరికి రానివ్వకండి. రంధ్రం అసలు వద్దు. పిడత అడుగున పీజో డిస్క్ (సిగ్నల్ ఇస్తే కంపించి శబ్దం చేసే పల్చటి బిళ్ల) డబుల్ టేప్‌తో అంటించండి, కర్రే మోగుతుంది, 40106తో పీజో నేరుగా పలుకుతుంది, ఆంప్లిఫైయర్ అక్కర్లేదు. ఎల్‌డీఆర్‌కి సన్నటి ఎనామెల్ వైరు వాడి మూత కింద నుంచి లాగండి. మీరు కొరికిన గాటు ఉందన్నారుగా, ఆ పిడతకి వైరు అందులోంచే పోనివ్వండి.

జవాబు (పాతరేడియో):
అచ్చం అదే శబ్దం రావాలని పట్టు పట్టకండి. అమెరికాలో రీడ్ గజాలా 1960లలో డెస్క్ డ్రాయర్‌లో షార్ట్ అయిన చిన్న ఆంప్లిఫైయర్ వింత శబ్దాలు విని, దాన్ని బాగుచేయకుండా అందులోంచే వాయిద్యాలు పుట్టించారు. మీ సర్క్యూట్ ఏం పలుకుతుందో ముందు వినండి.

గిలకబావి:
నిన్న రాత్రి గాటున్న పిడతకి మాత్రం చేశాను. మూత బొటనవేలితో మెల్లగా ఎత్తితే ముందు టిక్... టిక్... తర్వాత చేద పైకొస్తున్నట్టే కిర్రుమంది. అచ్చం అదే కాదు గానీ ఒళ్లు జలదరించింది. ఫోన్‌లో అమ్మకి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మా అమ్మ ఇంత గబగబా లాగేది కాదే" అంది. టిక్కులు నెమ్మదించాలని కెపాసిటర్ 2.2 మైక్రోఫారడ్‌కి మార్చాను, సాయంత్రం మళ్లీ వినిపిస్తాను.