కొత్త ఉప్పునీటి అక్వేరియంలో ఎన్ని నత్తలతో మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. 120 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టి 6 వారాలు అయింది. జీవులకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చాయి. నైట్రేట్ 10 పీపీఎం, నీటి సాంద్రత 1.025. రాళ్లు, ఇసుక తప్ప లోపల ఇంకా ఒక్క చేప కూడా లేదు.

10 రోజులుగా ఇసుక మీద, గాజు మీద గోధుమరంగు పొర పరుచుకుంటోంది. డయాటమ్‌లే (ఒక రకం సూక్ష్మ నాచు) అనుకుంటున్నాను. కొత్త ట్యాంకులో ఇది మామూలేనని, నీటిలో సిలికేట్ తగ్గాక దానంతట అదే పోతుందని చదివాను. నా భయమల్లా ఆ తర్వాతి సంగతే. ఇప్పుడు నాచు బాగా ఉందని 30 నత్తలను వేస్తే, అది పోయాక అవి ఏం తిని బతుకుతాయి? ఒక్కటి చచ్చి రాళ్ల సందున ఉండిపోయినా మళ్లీ అమ్మోనియా పెరుగుతుంది కదా. ప్రాణమున్న జీవిని తెచ్చి ఆకలితో చంపడం నాకు ఇష్టం లేదు.

అందుకే గాజుకు, రాళ్లకు 4 ట్రోకస్ నత్తలు, ఇసుకకు 4 సెరిత్ నత్తలు చాలనుకుంటున్నాను. ఆస్ట్రేయా (Astraea) నత్తలు ఇసుకపై వెల్లకిలా పడితే చాలావరకు మళ్లీ వాటంతటవే బోర్లా తిరగలేవు కాబట్టి వద్దనుకున్నాను. నసారియస్ నత్తలు నాచు తినవు, మిగిలిపోయిన మేత తింటాయి. వాటిని చేపలు వచ్చాకే తెస్తాను.

ఈ సంఖ్య సరిపోతుందా? నాచు తగ్గాక ఎండు సముద్రపు నాచు ముక్కలు పెడితే ట్రోకస్‌లు తింటాయా? నత్తగుల్లల్లో కాపురముండే హెర్మిట్ పీతలు గుల్ల కోసం నత్తలను చంపుతాయంటారు. ఖాళీ గుల్లలు ముందే వేసి, ఆ పీతలను నత్తలతో కలిపి పెంచినవారు ఎవరైనా ఉంటే మీ అనుభవం చెప్పండి.