అమలాపురం పిన్ కోడ్ 533201 ప్రధాన సంఖ్యేనా?

కోనసీమ_లెక్కలు:
తొమ్మిదో తరగతి పిల్లలకి అభ్యాసంగా మన అమలాపురం పిన్ కోడ్ 533201 ఇద్దామనుకుంటున్నానండి. 2, 3, 5తో పోవట్లేదు. 31తో భాగించినా, 43తో భాగించినా 1 మిగులుతోంది. ప్రధాన సంఖ్యని చెప్పేయొచ్చా? చేత్తో ఎంతవరకు చూడాలి?

గౌతమి_పాయ:
అప్పుడే చెప్పకండి. 730 వర్గం 532900, 731 వర్గం 534361. అంటే 533201 వర్గమూలం ఈ రెండింటి మధ్య ఉంది; అక్కడివరకు, అంటే 727 దాకా ఉన్న 129 ప్రధాన సంఖ్యలతోనూ చూశాకే ఆ మాట అనాలి. 7, 11, 13లకి విడివిడిగా భాగహారం అక్కర్లేదు. వాటి లబ్ధం 1001 కాబట్టి 533లోంచి 201 తీసేస్తే చాలు. వచ్చిన 332 ఆ మూడింటిలో దేనితోనూ పోదు.

31, 43ల సంగతి చూస్తే 533200 = 400 × 31 × 43. అందుకే రెండింటికీ 1 మిగిలింది. ఇది చూడ్డానికి ఎంతో బాగుంటుంది కానీ, 533201 ప్రధానమని దీనివల్ల తేలదు.

అసలు సంగతి 61 దగ్గర బయటపడుతుంది. 533లో 61 ఎనిమిదిసార్లు, 488 పోగా 45. పక్కన 2 దింపితే 452, ఏడుసార్లు, 427 పోగా 25. సున్నా దింపితే 250, నాలుగుసార్లు, 244 పోగా 6. చివరి 1 దింపితే 61. శేషం సున్నా.
533201 = 61 × 8741.

పిల్లలు తప్పేది ఆ సున్నా దగ్గరే. అది వదిలేసి 25 పక్కన 1 దింపితే 251 అవుతుంది, 7 మిగులుతుంది. 61 పోదనుకుని ముందుకెళ్లిపోతారు. 8741ని 89 దాకా చూస్తే చాలు, అది ప్రధానమే.

వశిష్ఠ_గట్టు:
ఇక్కడితో ఆపకండి, మంచి భాగం ఇప్పుడే మొదలు. 61, 8741 రెండూ 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధానాలు. అలాంటివి రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు. 61 = 5² + 6² తెలిసిందే. 8741కి 93 నుంచి బేసి సంఖ్యలే దిగుతూ రండి; 79 దగ్గర 8741 − 6241 = 2500, అంటే 50².

ఇక బ్రహ్మగుప్తుడి భావన సూత్రం: రెండు వర్గాల మొత్తాలైన సంఖ్యలని గుణిస్తే వచ్చేది కూడా రెండు వర్గాల మొత్తమే. 5 × 79 = 395, 6 × 50 = 300. 5 × 50 = 250, 6 × 79 = 474. మొదటి జత కలిపి, రెండో జత తేడా తీస్తే 695² + 224². తిరగేస్తే 95² + 724². రెండూ 533201 అవుతాయి. మూడో దారి లేదు.

కోనసీమ_లెక్కలు:
చాలా బాగుందండి! భీమవరం 534201కి కూడా ఇలా వస్తుందా?

వశిష్ఠ_గట్టు:
రాదండి. అంకెల మొత్తం 15, కాబట్టి 3తో పోతుంది: 3 × 178067. ఆ 178067 అంకెల మొత్తం 29, అది మళ్లీ 3తో పోదు. రెండు వర్గాల మొత్తంగా రాయాలంటే, 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానం ఏదైనా కారణాంకాల్లో సరిసంఖ్య సార్లు ఉండాలి. ఇక్కడ 3 ఒక్కసారే ఉంది.