ఫెయిర్‌షేర్ ఉన్న క్లస్టర్‌లో నా జాబ్ వెనకబడుతోంది, నడుస్తున్నది మధ్యలో ఆగిపోతోంది. ఎందుకు?

ప్రశ్న: జీవరసాయన శాస్త్ర పరిశోధకురాలు

మా విశ్వవిద్యాలయంలో అన్ని విభాగాలూ కలిసి వాడుకునే క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు) ఒకటి ఉంది. ఎవరి జాబ్, అంటే అప్పగించిన పని, ఎప్పుడు నడవాలో చూసే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. నేను గ్రోమాక్స్‌తో ప్రొటీన్ సిమ్యులేషన్లు చేస్తాను. ఒక్కో జాబ్‌కు ఒక జీపీయూ చాలు, కానీ రెండు మూడు రోజులు పడుతుంది. రెండు విషయాలు మింగుడుపడటం లేదు.

సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలపాటు ఒక్క జాబ్ కూడా పెట్టలేదు. తిరిగి వచ్చి పెడితే, రోజూ వాడుతున్న వేరే ల్యాబు వాళ్లవి నాకంటే ముందు మొదలవుతున్నాయి. తక్కువ వాడినవాళ్లకు ముందు అవకాశం ఇవ్వడమే కదా ఫెయిర్‌షేర్ అంటే?

ఇక రెండోది మరీ బాధగా ఉంది. ఒక ల్యాబు సొంత డబ్బుతో కొన్న నోడ్లు (క్లస్టర్‌లోని కంప్యూటర్లు) ఖాళీగా ఉంటే అందరూ వాడుకోవడానికి వేరే పార్టిషన్ (కొన్ని నోడ్లకు విడిగా పెట్టిన క్యూ) ఉంది. అందులో పెట్టిన జాబ్ రాత్రంతా నడిచింది. పొద్దున చూస్తే 'ప్రీఎంప్టెడ్' (వేరేవాళ్ల కోసం ఆపేశారు) అని ఉంది, మళ్లీ క్యూలో చేరి సున్నా నుంచి మొదలైంది. నోటి దాకా వచ్చిన ముద్ద లాగేసినట్టయింది. ఇది న్యాయమేనా?

జవాబు: క్లస్టర్ నిర్వాహకుడు

వేరే సంస్థలో ఇలాంటి క్లస్టర్‌నే చూసుకుంటాను. ఈ రెండు ప్రశ్నలూ నా బల్ల ముందుకు తరచూ వస్తాయి.

ఫెయిర్‌షేర్ మీ ఒక్కరి వాడకాన్ని చూసి వంతు ఇవ్వదు. నిర్వాహకులు మార్చకపోతే, స్లర్మ్ 19.05 నుంచి పనిచేసేది 'ఫెయిర్ ట్రీ' పద్ధతి. అది పైనుంచి కిందికి దిగుతుంది. ముందు ల్యాబు ఖాతాలను పక్కపక్కన పెట్టి ఎవరి వాటా ఎంత, వాడింది ఎంత అని చూస్తుంది. మీ ల్యాబు ఖాతా వెనకబడిందంటే, అందులోని ప్రతి ఒక్కరూ ముందున్న ల్యాబులోని ప్రతి ఒక్కరికంటే వెనకే ఉంటారు. మీరు ఊళ్లో ఉన్నప్పుడు మీ ల్యాబులోనే ఎవరో జీపీయూలను బాగా వాడి ఉంటారు. 'ఎస్‌షేర్' కమాండ్‌ను 'ఎల్' ఆప్షన్‌తో నడిపి, మీ ఖాతా వరసలో 'లెవెల్ ఎఫ్ఎస్' అంకె చూడండి. ఒకటి కంటే తక్కువుంటే వాటాకు మించి వాడారని అర్థం.

ఆ భారం శాశ్వతం కాదు. వాడకానికి అర్ధాయువు ఉంటుంది, మామూలుగా 7 రోజులు. ఇవాళ వాడిన 1000 జీపీయూ గంటలు 2 వారాలకు 250గా, 4 వారాలకు 62.5గా లెక్కకు వస్తాయి. నన్నడిగితే పరిశోధన సంస్థలకు 14 రోజులు మేలు. వారమంతా క్లస్టర్‌ను ఆక్రమించుకున్నవాళ్లు పై వారానికే మళ్లీ ముందుకు రావడం నాకు నచ్చదు. ఇంకొకటి, లెక్క వాడినదానికి కాదు, అడిగినదానికి. మెమరీకి కూడా బరువు పెట్టిన చోట, 6 జీబీ చాలే జాబ్‌కు 200 జీబీ అడిగితే మీ ల్యాబు పద్దులో 200 జీబీయే పడుతుంది.

ఇక ప్రీఎంప్షన్. యజమానులు అడిగిన క్షణం ఖాళీ చేయాలన్న షరతు మీదే ఆ నోడ్లు మీకు దొరుకుతున్నాయి. అది న్యాయమే. హెచ్చరిక లేకుండా ఆపేయడం మాత్రం న్యాయం కాదు. స్లర్మ్‌లో 'గ్రేస్‌టైమ్' అనే అమరిక ఉంది. ఎవరూ ముట్టుకోకపోతే అది సున్నా. దాన్ని 300 సెకన్లు చేస్తే, జాబ్‌కు ముందు సిగ్‌టర్మ్ (ఆగమని చెప్పే సిగ్నల్) వెళ్తుంది, గడువు తీరాకే సిగ్‌కిల్ (బలవంతంగా ఆపేసే సిగ్నల్) వెళ్తుంది. గ్రోమాక్స్‌లో సిమ్యులేషన్ నడిపే ఎండీరన్ సిగ్‌టర్మ్ అందుకోగానే చెక్‌పాయింట్ (అప్పటిదాకా జరిగిన పనిని భద్రపరిచే ఫైలు) రాసుకుని ఆగుతుంది. ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఉంది. ఆ మొదటి సిగ్నల్ స్లర్మ్ కమాండ్ 'ఎస్‌రన్'తో మొదలుపెట్టిన ప్రాసెస్‌లకే అందుతుంది. బ్యాచ్ స్క్రిప్టుకు (జాబ్ కమాండ్లు రాసిన ఫైలుకు) గడువు చివరన, సిగ్‌కిల్‌తో పాటే వస్తుంది. కాబట్టి స్క్రిప్టులో ఎండీరన్ ముందు ఎస్‌రన్ పెట్టండి.

సున్నా నుంచి మొదలవడం గురించి: క్యూలోకి తిరిగి వెళ్లిన జాబ్ స్క్రిప్టును మొదటి వరస నుంచే నడుపుతుంది. ఎండీరన్ ఎలాగూ 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ రాస్తుంది. 'సీపీఐ' ఆప్షన్‌తో ఆ ఫైలును చూపిస్తే అక్కడి నుంచి కొనసాగుతుంది, ఫైలు లేకపోతే మామూలుగా మొదలవుతుంది. సిమ్యులేషన్ ఇన్‌పుట్ ఫైలును తయారుచేసే గ్రాంప్ స్టెప్పును ఆ స్క్రిప్టులోంచి తీసి ముందే ఒకసారి నడిపి పెట్టుకోండి. ఫైళ్లు నోడు సొంత డిస్కు మీద కాకుండా అందరికీ కనిపించే స్టోరేజీలో ఉండాలి. తర్వాతి సారి వేరే నోడు దక్కవచ్చు. ఇవి చేస్తే, హెచ్చరిక లేకుండా ఆపినా పోయేది మహా అయితే 15 నిమిషాల పని.

జవాబు: నోడ్లు కొన్న ఒక ల్యాబు నుంచి

మా ప్రాజెక్టు నిధులతో కొన్న నోడ్లను కూడా ఇలాగే తెరిచాం. అవసరమైనప్పుడు వెంటనే తిరిగి వస్తాయన్న భరోసా లేకపోతే మా ఆచార్యులు ఒప్పుకునేవారు కాదు. ఖరీదైన జీపీయూలు నెలల తరబడి ఊరికే పడి ఉండటం నాకు చూడబుద్ధి కాదు. మా నిర్వాహకులు రెండు జాగ్రత్తలు పెట్టించారు, మేం సంతోషంగా ఒప్పుకున్నాం. మొదలైన మొదటి గంటలో ఏ జాబ్‌నూ కదపకూడదు, దానికి 'ప్రీఎంప్ట్ ఎగ్జెంప్ట్ టైమ్' ఉంది. ఆపక తప్పనప్పుడు అన్నిటికంటే ఆలస్యంగా మొదలైనదాన్ని ముందు ఆపాలి. రాత్రంతా నడిచినదాన్ని వదిలి, ఇప్పుడే మొదలైనదాన్ని ఆపితే నష్టం తక్కువ.

జవాబు: క్వాంటం కెమిస్ట్రీ విద్యార్థి

నిర్వాహకుడు గారూ, అందరి దగ్గరా గ్రోమాక్స్ లేదు. మా ప్రోగ్రాం మధ్యలో ఏదీ భద్రపరచదు. చంపేయడం ఎందుకు, కాసేపు నిలిపి ఉంచి తర్వాత కొనసాగించవచ్చు కదా?

జవాబు: క్లస్టర్ నిర్వాహకుడు

స్లర్మ్‌లో 'సస్పెండ్' పద్ధతి ఉంది. కానీ నిలిపిన జాబ్ తన మెమరీని వదలదు. సీపీయూ జాబ్‌లకైతే, నోడులో ఇద్దరికీ సరిపడా మెమరీ ఉంటే నడుస్తుంది. జీపీయూనైతే నిలిపిన జాబ్ అసలు వదలదు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకు అది దక్కదు. చెక్‌పాయింట్ రాయలేని పనిని ప్రీఎంప్షన్ ఉన్న పార్టిషన్‌లో పెట్టకండి. మామూలు పార్టిషన్‌లో, నిజంగా పట్టే సమయాన్నే రాసి పెట్టండి. ఏడు గంటల పనికి ఏడు రోజులు రాస్తే, పెద్ద జాబ్‌ల మధ్య ఖాళీల్లో దాన్ని ఇరికించడానికి బ్యాక్‌ఫిల్‌కు వీలుండదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. ఎస్‌షేర్‌లో మా ఖాతా అంకె 0.4 దగ్గర ఉంది. మా సీనియర్ ఒకరు థీసిస్ గడువు కోసం వరసగా నడుపుతున్నారట. ల్యాబులో అందరం వాడే స్క్రిప్టులో ఎస్‌రన్ లేదు, గ్రాంప్ అందులోనే ఉంది. రెండూ సరిచేశాను. మా క్లస్టర్‌లో గ్రేస్‌టైమ్ ఎంత ఉందో నాలాంటి వినియోగదారులకు కనిపిస్తుందా?

జవాబు: క్లస్టర్ నిర్వాహకుడు

కనిపిస్తుంది. ప్రీఎంప్షన్ పార్టిషన్ల ఆధారంగా ఉంటే 'ఎస్‌కంట్రోల్ షో పార్టిషన్'లో ఆ పేరుతోనే ఒక అంకె ఉంటుంది. క్యూఓఎస్ (జాబ్‌లకు ఇచ్చే ప్రాధాన్య తరగతి) ఆధారంగా ఉంటే 'ఎస్‌అకౌంట్‌మేనేజర్ (sacctmgr) షో క్యూఓఎస్'లో చూడండి. సున్నా ఉంటే మీ నిర్వాహకులకు రాయండి, నోడ్లు కొన్న ల్యాబు వాళ్లను కూడా ఆ మెయిల్‌లో చేర్చండి. అయిదు నిమిషాలు ఆగాల్సింది వాళ్లే కాబట్టి, వాళ్లు సరేనంటే పని త్వరగా అవుతుంది.