నీళ్లు నిండిన ఈతకొలనుకు ఫిల్టరు ఫిట్టింగులు మార్చవచ్చా, ఖాళీ చేయక తప్పదా?

తేటనీరు:
మాది నేలపై నిలబెట్టిన ఈతకొలను. వ్యాసం 4.5 మీటర్లు, నీటి లోతు ఒక మీటరు. దానితోపాటు వచ్చిన చిన్న కార్ట్రిడ్జి ఫిల్టరును, 32 మిల్లీమీటర్ల గొట్టాలను తీసివేసి, 38 మిల్లీమీటర్ల గొట్టాలు పట్టే ఇసుక ఫిల్టరును అమర్చాలనుకుంటున్నాను. గోడకున్న రెండు ఫిట్టింగులూ పాత కొలతవే, నీటిమట్టానికి సుమారు 40 సెంటీమీటర్ల దిగువన ఉన్నాయి. లోపలి నుంచి బిరడా బిగిస్తే చాలునని కొందరు, నీరంతా తీసివేయనిదే గోడ జోలికి పోరాదని మరికొందరు చెబుతున్నారు. ఎవరి మాట సరైనదో కారణాలతో సహా వివరించగలరని కోరుతున్నాను.

నిలకడ:
ఖాళీ చేయడమే మేలని నా అభిప్రాయం. మీ కొలనులో దాదాపు 16,000 లీటర్ల నీరు, అంటే 16 టన్నుల బరువు ఉన్నది. నట్టు వదులు చేసిన తరువాత పాత వాషరు చిరిగినా, కొత్త వాషరు పక్కకు జారినా, మీరు ఆలోచించుకునేలోపే నీరు బయటికి తన్నుకొస్తుంది. తడిచేతులతో, తొందరలో ప్లాస్టిక్కు మరలను వంకరగా ఎక్కించి పాడుచేసుకోవడం ఎంత సులభమో ఒకసారి ఆ పని చేసినవారికి తెలుసు. నేను చేశాను కనుకనే చెబుతున్నాను.

లోతుకొలత:
నిలకడ గారి జాగ్రత్తను గౌరవిస్తూనే కొంచెం లెక్క వేద్దాం. 40 సెంటీమీటర్ల లోతున 6 సెంటీమీటర్ల వ్యాసం గల రంధ్రం పూర్తిగా తెరుచుకుంటే నీరు సెకనుకు 2.8 మీటర్ల వేగంతో వస్తుంది. రంధ్రం అంచు వద్ద ధార సన్నబడడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే నిమిషానికి సుమారు 280 లీటర్లు పోతాయి. మీ కొలనులో ఒక సెంటీమీటరు మట్టం అంటే 159 లీటర్లు. కాబట్టి పని మూడు నిమిషాలు పట్టినా మట్టం తగ్గేది ఐదారు సెంటీమీటర్లే. ఫిట్టింగుల కిందికి మట్టం దించాలంటే మాత్రం 50 సెంటీమీటర్లు, అంటే దాదాపు 8,000 లీటర్లు వదులుకోవాలి. ఇక రంధ్రంపై నీరు చూపే బలం కిలో బరువుకు కొంచెం ఎక్కువ, అంతే. లోపల ఒకరు మందపాటి రబ్బరు బిళ్లను అరచేత్తో అదిమి పట్టుకుంటే ఆగిపోతుంది. అదే బిళ్లను బయటి నుంచి పెడితే నీరే దాన్ని తోసివేస్తుంది.

నిలకడ:
లెక్కను కాదనను. కానీ ఆ నీరు ఎక్కడ పడుతుందో మీ లెక్కలో లేదు. మూడు నిమిషాల్లో 800 లీటర్లకు పైగా నీరు గోడ మొదట్లోనే పడితే, అడుగున పరిచిన ఇసుక కొట్టుకుపోయి అక్కడే గుంట పడుతుంది. పైన ఇంకా 15 టన్నుల నీరు నిలిచి ఉండగా కాళ్లలో ఒకటి కుంగితే గోడ మొత్తం వాలుతుంది. నా భయం నీరు పోతుందని కాదు, నేల పోతుందని.

లోతుకొలత:
ఇది నేను ఆలోచించని విషయం, ఒప్పుకుంటున్నాను. రంధ్రం కింద ఏటవాలుగా రేకునో మందపాటి ప్లాస్టిక్కు పట్టానో పెట్టి ధారను దూరంగా మళ్లించకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. అయితే పూర్తిగా ఖాళీ చేయడంలోనూ ప్రమాదం లేకపోలేదు. నీటి బరువు లేని గోడ గాలికి వంగిపోవచ్చు. పాత లైనరు (కొలను లోపలి ప్లాస్టిక్కు పొర) అయితే ఎండలో ఆరి బిగుసుకుపోయి, మళ్లీ నింపేటప్పుడు మూలల వద్ద చిరగవచ్చు. ఎంత దించినా అడుగున ఒక జానెడు నీరు మిగల్చడం మంచిది.

గొట్టంమర:
మీరిద్దరూ వాదిస్తున్నది గోడ రంధ్రం తెరిచే పని గురించి. తేటనీరు గారు అసలు ఆ రంధ్రం తెరవవలసి ఉన్నదా అన్నది ముందు తేలాలి. కొలనుతో వచ్చే బిరడా ఫిట్టింగు లోపలి దారిని మూసేందుకు చేసినది, గోడ రంధ్రాన్ని కాదు. ఫిట్టింగును అలాగే ఉంచి దాని బయటి మరకు వాల్వునో అడాప్టరునో తగిలించాలంటే ఆ బిరడా పూర్తిగా సరిపోతుంది, ఒక్క లీటరు కూడా తీయనక్కర లేదు. ఫిట్టింగునే ఊడదీస్తే బిరడా దానితోపాటే చేతికి వస్తుంది! ఈ తేడా చెప్పకుండా ‘బిరడా పెట్టి మార్చుకోవచ్చు’ అనే సలహా ఇచ్చేవారి వల్లనే పెరళ్లు చెరువులవుతున్నాయి. కొత్త ఫిట్టింగు కోసం గోడ రంధ్రాన్ని పెద్దది చేయవలసి వస్తే మాత్రం నేను నిస్సందేహంగా నిలకడ గారి పక్షమే. కోత అంచున చిన్న గాటు పడినా నీటి ఒత్తిడికి అది చీలికగా సాగుతుంది. ఆ పని మట్టం దించి, పొడి గోడ మీదనే చేయాలి.

తేటనీరు:
బయట 32 నుంచి 38కి మార్చే అడాప్టరు పెడితే గోడ వద్ద ఇరుకు అలాగే ఉంటుంది కదా. అప్పుడు పెద్ద గొట్టాలు పెట్టి ప్రయోజనం ఏమిటి?

గొట్టంమర:
ప్రయోజనం ఉన్నది, కానీ చాలామంది ఊహించినంత లేదు. ఒకే ప్రవాహానికి గొట్టంలోని రాపిడి వ్యాసం ఐదవ ఘాతానికి విలోమంగా మారుతుంది కనుక, 38తో పోలిస్తే 32 గొట్టంలో నష్టం రెండింతలకు పైనే. అయితే ఆ నష్టం గొట్టం పొడవును బట్టి పెరుగుతుంది. గోడ వద్ద ఇరుకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. గంటకు 4,000 లీటర్లు తోడే పంపుతో అక్కడ నీటి వేగం సెకనుకు 1.4 మీటర్లు, దాని వల్ల పోయేది మహా అయితే 10 సెంటీమీటర్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడి. మురికి పట్టిన ఇసుక అంతకంటే చాలా ఎక్కువ అడ్డుకుంటుంది. నన్నడిగితే ఈ మార్పులో అసలు లాభం వాల్వుల వల్లనే: పంపు నీటిమట్టం కంటే దిగువన ఉంటుంది కనుక, వాల్వు లేకుండా గొట్టం ఊడదీసిన ప్రతిసారీ కొలను తనంతట తానే ఖాళీ కావడం మొదలుపెడుతుంది.

నిలకడ:
దీనికి నా అభ్యంతరం లేదు. రెండు మాటలు మాత్రం చేర్చాలి. పంపు స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గునే సాకెట్టు నుంచి తీసివేయాలి. రబ్బరు వాషరు అదిమి ఆపే చోట టెఫ్లాన్ టేపు చుట్టినా ప్రయోజనం ఉండదు. వాషరుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి, పెట్రోలియం జెల్లీ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానివల్ల ఉబ్బుతుంది.

తేటనీరు:
గోడ ఫిట్టింగులను కదిలించకుండా, ఒక్కొక్కటిగా బిరడా పెట్టి, బయట వాల్వులూ అడాప్టర్లూ తగిలించాలని నిర్ణయించుకున్నాను. కారుతున్నదో లేదో ఎలా చూడాలి?

గొట్టంమర:
నట్టును చేతితోనే బిగించండి, రెంచీ వద్దు. బిరడాలు తీసి వాల్వులు తెరిచాక ప్రతి అతుకు కింద పొడి కాగితం పరిచి, పంపు ఆపి ఒక రాత్రి, నడిపించి ఒక గంట చూడండి. నడిపినప్పుడు పీల్చే వైపు అతుకు వదులుగా ఉంటే కాగితం తడవకపోవచ్చు, కానీ తిరిగి నీరు వచ్చే చోట బుడగలు కనిపిస్తాయి.