ఎమర్జెన్సీ లైట్లకు విడి సర్క్యూట్ ఇవ్వవచ్చా?

ప్రశ్న (సైట్ ఇంజనీర్, విజయవాడ):
నమస్కారం. ఐదంతస్తుల వాణిజ్య భవనానికి వైరింగ్ చేయిస్తున్నాము. మెట్ల దగ్గర, కారిడార్లలో బ్యాటరీ లోపలే ఉండే ఎమర్జెన్సీ లైట్లు బిగించాలి. వీటన్నిటికీ జనరేటర్ ప్యానెల్ నుంచి విడిగా ఒక సర్క్యూట్ లాగితే మామూలు లైట్ల లైనులో వచ్చే లోపాలు వీటిని తాకవని మా ఎలక్ట్రీషియన్ గారు అంటున్నారు. అలా చేస్తే, కారిడార్‌లో లైట్లు ఆరిపోయిన సంగతి ఆ యూనిట్లకు ఎలా తెలుస్తుందన్నది నా సందేహం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (ఎలక్ట్రికల్ కన్సల్టెంట్, హైదరాబాద్):
మీ సందేహం సరైనదే. ఈ యూనిట్ తనకు వచ్చే కరెంటు ఆగినప్పుడే బ్యాటరీ మీద వెలుగుతుంది. విడి సర్క్యూట్ ఇచ్చారనుకోండి. రెండో అంతస్తు కారిడార్ లైట్ల ఎంసీబీ (లోపం వస్తే ఆ లైనుకు కరెంటు ఆపేసే బ్రేకర్) ఒక్కటే ట్రిప్ అయినప్పుడు యూనిట్‌కు కరెంటు వస్తూనే ఉంటుంది, దాని చార్జింగ్ దీపం ఎప్పటిలాగే వెలుగుతూ ఉంటుంది, కారిడార్ మాత్రం చీకటిగా ఉంటుంది. అందుకని ఏ చోటి యూనిట్‌ను ఆ చోటి లైట్ల సర్క్యూట్‌కే, అదీ స్విచ్‌కు ముందే కలపాలి. స్విచ్ తర్వాత కలిపితే రాత్రి లైట్లు ఆర్పిన ప్రతిసారీ బ్యాటరీ ఖాళీ అవుతుంది. భవనమంతటికీ ఒకే సెంట్రల్ బ్యాటరీ పెడితే సంగతి వేరు: అప్పుడు విడి వైరింగ్ తప్పదు, దానితోపాటు ఒక్కొక్క లైటింగ్ సర్క్యూట్‌లో కరెంటు పోయినా పసిగట్టే రిలేలు ఉండాలి.

సమాధానం 2 (ఫైర్ సేఫ్టీ ఇంజనీర్, విశాఖపట్నం):
జాతీయ భవన నియమావళి 2016, నాలుగో భాగం ప్రకారం ఎమర్జెన్సీ లైటింగ్‌కు మామూలు లైట్లతో సంబంధం లేని శక్తి మూలం ఉండాలి. మీ యూనిట్లలో ఆ మూలం బ్యాటరీయే కాబట్టి పై సలహా దానికి విరుద్ధం కాదు. చిన్న భవనమైనా సరే కనీసం 90 నిమిషాలు వెలగాలి. బయటపడే దారి మధ్య గీత వెంట నేల మీద 10 లక్స్ వెలుతురు ఉండాలి. దారి మలుపులు, బయటి తలుపులు, ఫైర్ అలారం బటన్లు, మెట్లు, వీటికి 2 మీటర్ల లోపు యూనిట్ ఉండేలా చూసుకోండి. జనరేటర్ లోడ్ అందుకునేలోపు పట్టే క్షణాల్లోనే జనం మెట్ల మీద తొక్కుకునే ప్రమాదం ఉంది కనుక, జనరేటర్ ఉన్నదని బ్యాటరీలు మానేయకండి.

సమాధానం 3 (ఎలక్ట్రికల్ ఇంజనీర్, హ్యూస్టన్):
ఇక్కడ అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 700వ ఆర్టికల్ కూడా ఆ చోటి లైట్ల సర్క్యూట్‌కే, స్విచ్‌కు ముందే కలపాలంటుంది. నెలనెలా 30 సెకన్లు, ఏటా 90 నిమిషాలు పరీక్షించడం మా ఆనవాయితీ. అయితే యూనిట్ మీది టెస్ట్ బటన్ బ్యాటరీ, దీపం బాగున్నాయని చెబుతుందే గాని వైరింగ్ సరిగ్గా ఉందని చెప్పదు. భవనం అప్పగించే ముందు, చీకటి పడ్డాక, ఒక్కొక్క లైటింగ్ ఎంసీబీని దించి ఆ అంతస్తంతా నడిచి చూడండి.